రెండు ఇడ్లీలు, ఒక ఆపరేషను

పెద్దాయన పేరు రాయకూడదు కాబట్టి తొమ్మిదో బెడ్ అంటాను. వార్డులో అందరం అలాగే అంటాం కూడా. హెర్నియా ఆపరేషను, పొద్దున పదింటికి థియేటరుకు పంపాలి. నేను చేరి అప్పటికి పదకొండు రోజులు. ఏడున్నరకు డ్యూటీకి వెళ్ళేసరికి నైట్ సిస్టర్ బస్సు టైమవుతోందని ఇరవై రెండు బెడ్ల హ్యాండోవరు ఎనిమిది నిమిషాల్లో ముగించేసింది. తొమ్మిది దగ్గర "హెర్నియా, సుగరు, ఎన్‌బీఎం" అనే చెప్పి ఉంటుంది, ఎన్‌బీఎం అంటే నోటితో ఏమీ తీసుకోకూడదని. చెప్పిందో లేదో ఈ రోజుకీ ప్రమాణం చేయలేను. నా చెవిన మాత్రం "హెర్నియా, సుగరు" వరకే పడింది.

ఎనిమిదిన్నరకు ఆయన భార్య వచ్చింది. "ఈయనకు కళ్ళు తిరగతుండాయంట పాపా. సుగరు మనిషి గదా, రెండిడ్లీ పెట్టేదా?"

గ్లూకోమీటరుతో చూశాను, 92 ఉంది. అంత తక్కువేం కాదు. అయినా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది. "సుగరున్నోళ్ళు ఖాళీ కడుపుతో ఉండకూడదమ్మా, పెట్టు." నాలుగేళ్ళపాటు రోజుకు ఇరవైసార్లు చెప్పిన మాట అది. నిద్రలో లేపి అడిగినా అదే చెప్తాను.

తొమ్మిదిన్నరకు స్ట్రెచర్ వచ్చేసరికి ఆమె ఆయన మూతి తుడుస్తోంది. తువ్వాలు మీద పల్లీ చట్నీ.

మత్తు డాక్టరు గారు కిందికి దిగి వచ్చారు. అరవలేదు, అరిచినా బాగుండేది. "ఎవరు పెట్టమన్నారు?" అన్నారు. నేనే సార్ అన్నాను. "ఇంతకుముందు ఎక్కడ చేశావమ్మా?" "విలేజ్ క్లినిక్ సార్." ఆయన ఫైలు మూసి, "అదీ సంగతి" అని వెళ్ళిపోయారు.

ఆపరేషను మర్నాటికి పడింది. మత్తిచ్చినప్పుడు కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని, తేలికపాటి టిఫిను తిన్నా ఆరు గంటలు ఆగాలని నేను చదవక కాదు. బీఎస్సీ మూడో సంవత్సరంలో ఆ ప్రశ్నకు జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఒక రోజు గది అద్దె వాళ్ళ బిల్లులో ఎక్కువ పడింది. ఆమె నన్ను తిట్టలేదు. "పోన్లే పాపా, ఆకలైనా తీరింది" అంది. ఆ రాత్రి ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను.

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మత్తు డాక్టరు గారు అన్న "అదీ సంగతి". ఊళ్ళో పనిచేసిన నర్సుకు ఏమీ రాదనేగా దాని అర్థం? అక్కడ నేను నేర్చుకున్నది తక్కువేం కాదు. దాన్నే తెచ్చి ఇక్కడ వాడబోయి దెబ్బ తిన్నాను.

నా గురించి కొంచెం. బీఎస్సీ నర్సింగ్ తర్వాత ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ కోర్సు చేసి, 2020 చివర్లో ఉదయగిరి అవతల ఒక ఊళ్ళో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే విలేజ్ క్లినిక్ చూసుకునే నర్సుగా చేరాను. కాగితాల్లో సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), ఊళ్ళో ముసలివాళ్ళకు డాక్టరమ్మ, పిల్లలకు సూదక్క. నేను చేరిన కొన్ని వారాలకే, 2021 జనవరి 16న, దేశమంతా కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. ఆ ఏడాదంతా ఎలా గడిచిందో నాకే గుర్తులేదు.

అదంతా మెట్ట ప్రాంతం. నీళ్ళలో ఫ్లోరైడు. నలభై ఏళ్ళకే మోకాళ్ళు పట్టేసిన ఆడవాళ్ళు. ఉదయగిరిలో చెక్కతో చెంచాలు, గరిటెలు చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ పని మీదే బతికే ఒకామె మా ఊరికి పుట్టింటికొచ్చినప్పుడల్లా భుజం నొప్పికి మాత్రల కోసం నా దగ్గరికొచ్చేది. నా వెంట ఒక ఏఎన్‌ఎం, ముగ్గురు ఆశాలు. 2,500 మంది జనాభాకు ఒక క్లినిక్ అన్నది లెక్క. కాగితం మీద 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు. చేతికి మాత్రం బీపీకి ఆమ్లోడిపిన్, సుగరుకు మెట్‌ఫార్మిన్, రక్తహీనతకు ఎర్ర మాత్రలు, పారాసెటమాల్ ఎక్కువ తగిలేవి. బుధ, శనివారాలు టీకాలు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, సుగరు. గర్భిణుల రక్తం. 104 బండి వచ్చిన రోజు తిరునాళ్ళే.

తర్వాత మా అత్తకు నెల్లూరులో పక్షవాతం వచ్చింది. మా ఆయన ఉద్యోగం ఇక్కడే. పాప ఒకటో తరగతికొచ్చింది. బదిలీ అడిగిన చోట ఖాళీ లేదన్నారు. వంద కిలోమీటర్ల దూరం రోజూ బస్సులో తిరిగే ఓపిక ఎవరికుంటుంది? 2025 ఫిబ్రవరిలో మానేశాను.

నెల్లూరులో పొగతోటలో నాలుగు అడుగులేస్తే ఒక ఆసుపత్రి. ఉద్యోగం దొరకడం కష్టం కాదని ఇంట్లో అందరూ అన్నారు. దొరికింది కూడా. ఇంటర్వ్యూలో నా కాగితాలు తిరగేసిన మేడం, "బెడ్‌సైడ్ ఎక్స్‌పీరియెన్స్ ఎంత?" అని అడిగారు. నాలుగేళ్ళ పైన చేశానన్నాను. "అది కమ్యూనిటీ కదమ్మా. ఇది గ్యాప్ కింద వస్తుంది" అన్నారు. ఫ్రెషర్ జీతం, పద్నాలుగు వేలు. నేను వదిలి వచ్చినది పాతిక వేలు, ఆపైన ఇన్సెంటివు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే పెట్టుకుంటామన్నారు. జిరాక్సులిస్తాను, ఒరిజినల్స్ చూసి తిరిగిచ్చేయండి అని గట్టిగా పట్టుబట్టాను, ఒప్పుకున్నారు. మా బ్యాచ్ అమ్మాయిలు చాలామంది అడగను కూడా అడగరు. అడగండి.

ఆ "గ్యాప్" అన్న మాట వాళ్ళొక్కరిదే కాదు. గల్ఫ్‌కు పంపే ఏజెంట్లు కూడా మొదట అడిగేది బెడ్‌సైడ్ గురించే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష చూడండి. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్ళు అది రాయాలంటే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళు పనిచేసి ఉండాలి. నా స్నేహితురాలు జీఎన్‌ఎం. ఊరూరా తిరిగి మూడేళ్ళు పనిచేసింది. ఆ మూడేళ్ళు ఈ లెక్కలో సున్నా. బీఎస్సీ కాబట్టి నాకు ఆ షరతు లేదు గానీ, దాని ముఖం చూస్తే నాకే కడుపులో దేవినట్టవుతుంది.

సరే, మొదటి రోజుల సంగతికొస్తాను.

చేతులు మర్చిపోయాయి. టీకా వేయమంటే కళ్ళు మూసుకుని వేస్తాను, ఏడ్చే పిల్లాడి తొడ మీద మూడు సెకన్లలో పని అయిపోతుంది. కాన్యులా, అదే సెలైను కోసం నరంలో పెట్టే సన్నటి గొట్టం, అలా కాదు. నాలుగేళ్ళలో ఎన్నిసార్లు పెట్టి ఉంటాను, పదిసార్లు? 108 వచ్చేలోపు సెలైన్ ఎక్కించాల్సి వచ్చినప్పుడు మాత్రమే. ఇక్కడ రోజుకు పది. ముసలివాళ్ళ నరాలు సూది తగలగానే పక్కకు జారిపోతాయి. మొదటి వారం ఒకామె చేతిని మూడు చోట్ల నీలం చేశాను. "మే, ఇంకో పాపను పిలువు" అందామె. పిలిచాను. వచ్చిన అమ్మాయికి ఇరవై మూడేళ్ళు, నాకంటే ఏడేళ్ళు చిన్న. నీలం రంగు 22 నంబరు కాన్యులా తీసి, చర్మాన్ని కిందికి లాగి పట్టి, ఒక్కసారికే పెట్టేసింది. బయటికొచ్చాక, "అక్కా, నువ్వు చర్మం వదిలేస్తున్నావు, అంతే" అంది. సిగ్గుపడకుండా దాని దగ్గరే నేర్చుకున్నాను. రెండు వారాలు ఆ పిల్లే నాకు టీచరు.

లెక్కలూ అంతే. ఐదొందల మిల్లీలీటర్ల సెలైను ఆరు గంటల్లో పోవాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలు? మామూలు సెట్టులో మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు కాబట్టి ఇరవై ఎనిమిది. ఇప్పుడు నోటికొచ్చేసింది, అప్పుడు అరచేతిలో రాసుకుని తిరిగాను. సిరంజి పంపు కూతపెడితే నాకే గుండె ఆగినట్టుండేది.

ఇన్సులిన్ దగ్గర మాత్రం నిజంగా భయపడ్డాను. మా ఊళ్ళో ఇన్సులిన్ వాడేవాళ్ళు ఐదారుగురు. ఇళ్ళలో ఫ్రిజ్ లేక సీసాను మట్టికుండలో పెట్టుకునేవాళ్ళు. అన్నీ మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలే, ఎర్ర మూత సిరంజిలే. నా కంటికి ఇన్సులిన్ సిరంజి అంటే ఎర్ర మూత. ఇక్కడ మిల్లీలీటరుకు 100 యూనిట్లున్న సీసాలు కూడా ఉంటాయి, వాటికి నారింజ మూత సిరంజి వేరే. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో పది గీతలు లాగితే పేషెంటుకు ఇరవై ఐదు యూనిట్లు పోతుంది. ఒక రాత్రి ఆ సీసా, ఈ సిరంజి రెండూ చేతిలో పెట్టుకుని ఉన్నాను. ఇంకా మూతకూడా తీయలేదు. సీసా మీద అక్షరాలు చదివే అలవాటు టీకాల వల్ల వచ్చింది, తేదీ, బ్యాచి నంబరు, సీసా మీద రంగు చూడకుండా ఏ టీకా సీసా తెరవనిచ్చేదాన్ని కాదు. ఆ అలవాటే కాపాడింది. అలా అని ఊరి అలవాట్లన్నీ కాపాడలేదు, ఇడ్లీల సంగతి చెప్పాను కదా.

చేతిపని నెలా రెండు నెలల్లో వచ్చేస్తుంది. రానిది ఇంకోటి ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు.

ఊళ్ళో డాక్టరుకు ఫోన్ చేయడం అంటే చిన్న విషయం కాదు. పీహెచ్‌సీ డాక్టరు ఇరవై కిలోమీటర్ల అవతల. సిగ్నలు కోసం మేడెక్కాలి. 108 పిలిస్తే పేషెంటుతో ఇద్దరు మనుషులు కదలాలి, వాళ్ళ ఆ రోజు కూలి పోతుంది, తిరిగి రావడానికి ఆటోకు డబ్బులు కావాలి. నేను భయపెట్టి పంపిన మనిషికి అక్కడ "ఏం లేదు, పో" అన్నారనుకోండి, మర్నాటి నుంచి నా మాట ఊళ్ళో చెల్లదు. అందుకని ఆగడం నేర్చుకున్నాను. బీపీ ఎక్కువొస్తే కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పది నిమిషాలాగి మళ్ళీ చూస్తాను. ఇంకోసారి చూస్తాను. ముఖం చూస్తాను, నడక చూస్తాను, ఇంట్లో గొడవేమైనా జరిగిందా అని అడుగుతాను. అప్పుడు గానీ ఫోన్ తీయను. అక్కడ దాన్ని అనుభవం అంటారు.

చేరిన రెండో నెలలో, నైట్ డ్యూటీలో, ఆ రోజే గర్భసంచి ఆపరేషను అయిన ఒకామె. రాత్రి ఒంటిగంటకు నాడి 116, బీపీ 100/70. ఆమె మాట్లాడుతోంది, నవ్వుతోంది, దాహంగా ఉందంటోంది. నేను కాసేపాగి చూద్దామనుకున్నాను. అరగంట తర్వాత నాడి 124. మళ్ళీ చూద్దామనుకుంటుండగా ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల చార్టు చూసి, "అక్కా, డాక్టరుకు చెప్పావా?" అంది. ఇంకోసారి చూసి చెప్తానన్నాను. అది నా వంక చూసిన చూపు మర్చిపోలేను. ఫోను అదే తీసింది. డ్యూటీ డాక్టరు వచ్చారు, పొట్ట నొక్కి చూశారు, పెద్ద మేడంను పిలిపించారు. లోపల రక్తం పోతోంది. రెండున్నరకు మళ్ళీ థియేటరుకు తీసుకెళ్ళారు. ఆమె బాగానే ఇంటికెళ్ళింది. ఆ అరగంట మాత్రం నాది.

ఇడ్లీల విషయంలో నేను మర్చిపోయింది పుస్తకంలోది. ఇక్కడ మర్చిపోయిందేమీ లేదు, నాలుగేళ్ళు ఒంటరిగా పనిచేసి సంపాదించుకున్న నిదానమే నాకు అడ్డం పడింది. డాక్టరు రెండు అంతస్తుల పైన ఉన్నప్పుడు ఆగడం తప్పు. అనవసరంగా లేపితే విసుక్కుంటారు, అంతకంటే ఏమీ కాదు. మా డ్యూటీ డాక్టర్లలో ఒకరు బాగానే విసుక్కుంటారు. ఇప్పుడు ఫోన్ చేసేముందు చిన్న కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుంటాను, ఎవరు, ఏ ఆపరేషను, ఇప్పుడు నంబర్లెంత, ఆయన వచ్చి చూడాలా లేక ఫోన్లో చెప్తే చాలా. అలా చెప్తే విసుగు కూడా తగ్గింది.

ఇంకోటి టైము. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం జనరల్ వార్డులో ఐదుగురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలని చదువుకున్నాం. మా వార్డులో రాత్రి ఇరవై రెండు మందికి ఇద్దరం. పేషెంటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే ఇక్కడ పని ఎగ్గొట్టినట్టు. నాలుగేళ్ళు నేను చేసిన పని కూర్చుని మాట్లాడటమే! ఫైళ్ళు కూడా నింపాలి. నొప్పి ఎంత, పదిలో చెప్పమని మెట్ట మనిషిని అడిగి చూడండి. "నెప్పి నెప్పే పాపా, దాంట్లో పదేంది, ఇరవయ్యేంది" అంటారు. నేను ఆరు అని రాసుకుంటాను.

డిశ్చార్జి దగ్గర మాత్రం నా పాత పద్ధతి మానలేదు. పోయిన వర్షాకాలంలో సీతారామపురం వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయనకు ఏడు రకాల మందులు రాశారు. చదువు రాదు. కొడుకు బెంగళూరులో. ఫార్మసీ అబ్బాయి "పొద్దున, మధ్యాహ్నం, రాత్రి" అని గబగబా చెప్పి కవరు చేతిలో పెట్టాడు. నేను మార్కరు తీసుకుని, పొద్దున మాత్రల అట్ట మీద సూర్యుణ్ణి, రాత్రివాటి మీద చంద్రవంకను గీసిచ్చాను. క్లినిక్‌లో నేనూ ఆశాలూ కలిసి కనిపెట్టిన పద్ధతి ఏం కాదిది, అందరూ చేసేదే. ఏడింటిలో రెండు వాళ్ళ ఊరి క్లినిక్‌లో ఊరికే ఇస్తారని, నెలనెలా ఆత్మకూరు దాకా వచ్చి కొనక్కర్లేదని చెప్పాను. ఆయన ఇది విని, "మా ఊరి పాప ఇచ్చే చిన్న మాత్ర, ఇదీ ఒకటేనా?" అన్నాడు. రెండూ ఒకటే! పేరు వేరు, రంగు వేరు. చెప్పకపోతే రెండూ మింగేవాడు.

ఇన్‌ఛార్జి సిస్టరు వెనకే నిలబడి చూస్తోంది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. "దీనికి ఎంతసేపు పట్టింది?" అంది. పదిహేను నిమిషాలు. "నాలుగు డిశ్చార్జీలకు గంట" అని వెళ్ళిపోయింది. ఆమె లెక్క తప్పు కాదు, మిగతా ఇరవై ఒక్క మంది బెల్లు కొడుతూనే ఉంటారు. కానీ తర్వాత్నుంచి చదువు రాని పేషెంటు ఇంటికెళ్తుంటే, ఎవరి వంతైనా, "ఆ ఊరి అమ్మాయిని పిలవండి" అంటోంది. జీతంలో మాత్రం మార్పు లేదు.

ఇంటి సంగతి కూడా ఒక మాట. డ్యూటీ దిగి వెళ్తే అత్తకు ఫిజియోథెరపీ చేయించాలి, కుడి చేయి ఇంకా పైకి లేవట్లేదు. పాప హోంవర్కు. నైటు చేసొచ్చిన రోజు పగలు నిద్ర పట్టదు, పక్కింట్లో కుట్టు మిషను. ఊళ్ళో రాత్రిళ్ళు కూడా ఫోన్లొచ్చేవి గానీ మధ్యలో నిద్ర ఉండేది. పాదాలకు మాత్రం ఇప్పుడు మంచి షూ కొనుక్కున్నాను. మొదటి జీతంతో కొన్నది అదే. ఈ దారిలో వచ్చేవాళ్ళు చెప్పులతో రావద్దు.

ఆశా ఒకామె ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. మొన్న రాత్రి తొమ్మిదింటికి వార్డులో ఉండగా చేసింది. "మేడం, గుడి పక్క అవ్వ మాత్రలు మార్చారు, కొత్తది వేసుకోనంటోంది. మీరు చెప్తే గానీ మింగదంట." డ్యూటీలో సొంత ఫోను మాట్లాడకూడదు. స్టోర్‌రూంలోకి వెళ్ళి అవ్వతో మాట్లాడాను. అవ్వ మాత్రల గురించి ఒక్క మాటా అడగలేదు. "అత్తకు చేయి లేస్తుండాదా?" అంది. వాళ్ళకు నేను చెప్పలేదు. ఎవరో చెప్పి ఉంటారు.

సోమవారం మా వార్డులో ఇంకో అమ్మాయి చేరుతోంది. వింజమూరు వైపు క్లినిక్‌లో మూడేళ్ళు చేసిందట. నా షిఫ్టులోనే వేస్తున్నారు. హ్యాండోవరుకు ముందే ఆ పిల్లను తీసుకెళ్ళి, ప్రతి బెడ్డు తలవైపు గోడకు ఎన్‌బీఎం బోర్డు ఎక్కడ వేలాడదీస్తారో చూపించాలి. తర్వాత క్యాంటీన్లో ఇడ్లీ పెట్టిస్తాను.